రీకాయిల్ నీడలో ఒక మధ్యాహ్నం

రాయదుర్గంలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయికి రాత్రి డ్యూటీ. మేము ఫజ్ర్ నమాజుకు లేచే వేళకు అతడు అలసి ఇల్లు చేరతాడు. ఒకే ఇంట ఉంటూ కూడా నాలుగు మాటలు కరవైపోయాయి. అందుకే అతడికి సెలవు దొరికిన రోజున ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా రావిర్యాలలోని వండర్‌లాకు బయలుదేరాము.

2016లో తెరిచిన ఆ పార్కులో అమ్మాయి రీకాయిల్ ఎక్కుతానని పట్టుబట్టింది. ఆ రైలుకు ఇంజను లేదు. యంత్రం దానిని వెనక్కి, ఏటవాలుగా పైకి లాగి వదిలేస్తుంది. ఆపై పని చాలావరకు భూమ్యాకర్షణది. మూడుసార్లు తలకిందులై ఎదుటి కొసకు ఎక్కి, అదే దారిన వెనక్కి మళ్ళీ మూడుసార్లు! 1994లో నెదర్లాండ్స్‌లో ఆరంభమైన ఎల్ కొండోర్ వంటి వాటిలోనైతే పట్టాలు తలపైన ఉంటాయి, కాళ్ళు గాలిలో వ్రేలాడతాయి. ఇక్కడ పట్టాలు కిందనే. మాకు అదొక ఊరట.

అమ్మాయి దుపట్టా తీసి మా చేతికిచ్చి, చిన్న హిజాబును బిగించి కట్టుకుంది. తిరిగే యంత్రం దగ్గర వ్రేలాడే బట్ట ప్రమాదమే కదా. అయినా మాకు మనసొప్పలేదు.

“అమ్మీ, నేను పక్కనే కూర్చుంటాను” అన్నాడు అబ్బాయి.

రైలు వదలగానే బిస్మిల్లాహ్ అని కళ్ళు మూసుకున్నాము. తెరిచేసరికి ఇద్దరూ దిగి వస్తున్నారు, ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతూ.

తిరుగు ప్రయాణంలో అబ్బాయి నిద్రపోలేదు. రాయదుర్గం వచ్చేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.