కాలం వెనక్కి తిరగలేదు

2020 సెప్టెంబరులో ఓ అర్ధరాత్రి హైదరాబాద్ నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. ''ఒరే, ప్రిన్స్ మళ్లీ వస్తున్నాడు, చూశావా?'' నలభైకి దగ్గరపడుతున్న మనిషి గొంతులో ఇంటర్ కుర్రాడి ఉత్సాహం. పోర్ట్‌బ్లెయిర్‌లో మా డాబా మీద కూర్చుని ఆ ట్రైలర్‌ను ఎక్కడా ఆగకుండా చూశాను. 'ఆగకుండా' అన్న మాట విలువ అండమాన్‌లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. సరిగ్గా నెల క్రితం, ఆగస్టు 10న, చెన్నై నుంచి సముద్రం అడుగున దాదాపు 2,300 కిలోమీటర్ల మేర వేసిన కేబుల్ ప్రారంభమైంది. అంతకుముందు ఉపగ్రహం దయ మీద బతికిన మాకు చిన్న వీడియో చూడాలన్నా టీ తాగివచ్చేంత ఓపిక కావాల్సి వచ్చేది.

కానీ కేబుల్ తెచ్చిన ఆ సంబరం కాసేపే. తెర మీదున్నవాడు మా యువరాజు కాదు. ముఖం మైనపు బొమ్మలా ఉంది. పదిహేడేళ్ల కిందటి ఆటకు కొత్త రంగులేస్తే పాతదే మెరుగనిపించేలా ఉంది. ప్రపంచవ్యాప్తంగా అభిమానులు పెదవి విరిచారు. నేనూ విరిచాను. ఆ విరుపు గురించే ఇప్పుడు చెప్పాలి.

మా నాన్న శ్రీకాకుళం నుంచి కూలిపని కోసం ఓడెక్కి వచ్చి జంగ్లీఘాట్‌లో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కొత్త వస్తువేదైనా మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో రావాల్సిందే. 2004లో విశాఖ వెళ్లొచ్చిన అన్నయ్య సంచిలో 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ద శాండ్స్ ఆఫ్ టైమ్' సీడీ ఉంది. అంతకుముందు మేం స్కూలు కంప్యూటర్‌లో ఆడింది 1989 నాటి మొదటి ప్రిన్స్. జోర్డాన్ మెక్నర్ అనే అమెరికన్ కుర్రాడు తన తమ్ముడు పరిగెడుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, ఆ కదలికల్ని గీసుకుని తయారుచేసిన ఆట అది. రాకుమారిని కాపాడేందుకు అరవై నిమిషాలే గడువు. శూలాల మీద పడితే అంతే సంగతులు.

2003లో యూబీసాఫ్ట్ మాంట్రియల్ తెచ్చిన శాండ్స్ ఆఫ్ టైమ్‌లో ఆ యువరాజు చేతికి ఓ బాకు దొరికింది. అందులో ఇసుక ఉన్నంతవరకు కొన్ని క్షణాల పాటు కాలాన్ని వెనక్కి తిప్పొచ్చు. కొండ మీంచి జారినవాడు మళ్లీ కొండ మీదికొస్తాడు. ఓ మీట నొక్కితే చాలు.

2004 డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది. తర్వాత సముద్రం లోపలికొచ్చింది. మా ఇంట్లో అందరం బతికాం. కార్‌నికోబార్‌లో పనికి వెళ్లిన నాన్న స్నేహితుడొకాయన తిరిగి రాలేదు. కరెంటు లేని ఆ రాత్రుల్లో పదమూడేళ్ల నేను అన్నయ్యని అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది: ఆ బాకు నిజంగా ఉంటే ఎన్ని నిమిషాలు వెనక్కి తిప్పితే చాలు? అన్నయ్య లెక్కేశాడు. ఇసుక సరిపోదన్నాడు.

అందుకేనేమో, 2008లో యూబీసాఫ్ట్ కథను మొదట్నుంచీ కొత్తగా మొదలుపెట్టినప్పుడు మాకు మింగుడు పడలేదు. పేరుకే ప్రిన్స్, హీరో అసలు రాజకుమారుడే కాదు. ఇసుక లేదు, బాకు లేదు. ఎన్నిసార్లు జారిపడ్డా ఎలికా అనే అమ్మాయి చెయ్యందించి పైకి లాగేస్తుంది. ''పడితే పోవాలి కదరా, లేకపోతే భయమేముంది?'' అన్నాడు అన్నయ్య. దానికి తోడు ముగింపు తర్వాతి కథను 2009లో విడిగా అమ్మారు. అదీ కంప్యూటర్ మీద ఆడేవాళ్లకు ఇవ్వలేదు. అభిమానులు అలిగారు, 2010లో కంపెనీ మళ్లీ పాత ఇసుక కథకే తిరిగొచ్చింది. తర్వాత చాలా ఏళ్లు ప్రిన్స్ మూలనపడ్డాడు. ఇతని కథలోంచే పుట్టిన 'అసాసిన్స్ క్రీడ్' మాత్రం ఇంటి పెద్దకొడుకైపోయింది.

ఈమధ్య ఆ 2008 ఆటను మళ్లీ ఆడాను. నీటిరంగుల బొమ్మలా ఎంత అందంగా ఉందో! చచ్చి మళ్లీ అక్కడినుంచే మొదలెట్టడానికీ, ఎలికా చెయ్యందించడానికీ తేడా కూడా పెద్దగా లేదు. ఆ రోజు మేం చూసింది ఆటను కాదు, అందులో లేనిదాన్ని.

2020 విషయానికొస్తే నా తప్పు ఇంకా పెద్దది. ఆ రీమేక్ తయారీని యూబీసాఫ్ట్ పుణే, ముంబై స్టూడియోలకు అప్పగించింది. సంగతి తెలియగానే నా నోట వచ్చిన మాట: ''మనవాళ్లకిస్తే ఇంతే.'' నలుగురు మిత్రుల దగ్గర ఆ మాట నవ్వుతూ అన్నాను. అంత పెద్ద పేరున్న ఆటను మన కుర్రాళ్ల చేతికివ్వడం ఎంత గొప్ప అవకాశమో ఆలోచించలేదు. కొన్ని నెలల తర్వాత మెయిన్‌ల్యాండ్ నుంచి తనిఖీకొచ్చిన ఓ పెద్దమనిషి మా ఆఫీసు ఫైళ్లు తిరగేసి, ''దీవులవాళ్లతో ఇంతకన్నా ఏమవుతుంది'' అని నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా తెలిసిన నవ్వే. అంతకుముందు అది నా మొహం మీదే ఉంది.

2021లో రావాల్సిన ఆ రీమేక్ రెండుసార్లు వాయిదాపడి, 2022లో మాంట్రియల్‌కు చేరింది. చివరికి 2026 జనవరిలో యూబీసాఫ్ట్ రద్దు చేసిన ఆరు ఆటల్లో ఒకటైపోయింది. ''ఇక రాడురా'' అని అన్నయ్య మెసేజ్ పెట్టాడు. ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు.

అయితే మధ్యలో ఒకటి జరిగింది. 2024 జనవరిలో 'ద లాస్ట్ క్రౌన్' వచ్చింది. దాన్ని మోంపెలియే స్టూడియో తయారుచేసింది. హీరో సార్గాన్ అనే యోధుడు, యువరాజు కాదు. విమర్శకులు మెచ్చుకున్నారు. అమ్మకాలు మాత్రం కంపెనీ ఆశించినంత లేవు, అదే ఏడాది ఆ బృందాన్ని విడదీసి వేరే పనులకు పంపేశారు. ప్రిన్స్‌ని బతికించాలని ఇరవై ఏళ్లుగా గోల చేసిన నేను దాన్ని కొనలేదు. అన్నయ్యా కొనలేదు. ప్రిన్స్ లేని ప్రిన్స్ ఏమిటని ఇద్దరం తేల్చేశాం.

పోయిన వేసవిలో అన్నయ్య కుటుంబం ఇక్కడికొచ్చింది. ఊరికి ఇప్పుడు శ్రీవిజయపురం అని పేరు మారినా, మాకింకా పాతపేరే నోట్లో ఆడుతోంది. అన్నయ్య కూతురు వరండాలో కూర్చుని ఏదో ఆడుకుంటోంది. చూస్తే లాస్ట్ క్రౌన్. స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చుకుందట. అందులో దారి తెలియని చోట తెరను ఫొటో తీసి మ్యాప్‌కు తగిలించుకోవచ్చు, తర్వాత మళ్లీ అక్కడికి రావడానికి. ఆ పిల్ల మ్యాప్ నిండా ఫొటోలే.

''బాబాయ్, నీకు ఈ ప్రిన్స్ తెలుసా?'' అనడిగింది.

తెలుసనబోయి ఆగాను. ''తెలీదమ్మా, చూపించు'' అన్నాను. అన్నయ్య కూడా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.