రిపోర్టు నకలు మన పెట్టెలో ఉండాలి

క్యాంపుల్లో ఉన్న అన్నదమ్ములారా, మేం ఉండేది స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో. ఇది ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, ఇప్స్‌విచ్ నగరం కిందికి వచ్చే ఊరు. చెరువు చుట్టూ అన్నీ కొత్త ఇళ్లే. మేం నలుగురం ఇక్కడ ఒకే ఇంట్లో అద్దెకు ఉంటున్నాం. మాలో ఇద్దరం అంతకుముందు గల్ఫ్ క్యాంపుల్లో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లమే. కంపెనీ చేయించే హెల్త్ రిపోర్టు విషయంలో మేం చేసిన పొరపాటు మీరు చేయవద్దని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

గల్ఫ్‌లో మెడికల్ అంటే మనందరికీ ఒకటే తెలుసు. రక్తం తీస్తారు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. పాసైతే ఊపిరి పీల్చుకుంటాం, ఫెయిలైతే ఇంటికి టికెట్టు. ఆ పరీక్ష మన దగ్గర అంటుజబ్బు ఉందా అని చూసేది. మనం చేసే పని మనకేం జబ్బు తెచ్చిపెట్టిందో చూసేది కాదు. ఆ భయంతోనే ఇక్కడికీ వచ్చాం. ఇక్కడి పరీక్ష వేరని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మేం చేరింది వంటగది గట్లకు రాతి పలకలు కోసే షెడ్డులో. మన కరీంనగర్ గ్రానైట్ లాంటి సహజమైన రాయి కాదది. రాతిపొడిని జిగురుతో కలిపి ఫ్యాక్టరీలో అచ్చు పోసిన పలక. చూడటానికి అద్దంలా మెరుస్తుంది. గ్రానైట్‌లో సిలికా సగం కూడా ఉండదు, ఈ పలకల్లో కొన్నింటిలో నూటికి 90 పాళ్లకు పైనే. కోసినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనపడనంత సన్నటిది ఊపిరితిత్తుల అడుగు దాకా పోయి అక్కడే కూర్చుంటుంది. అదే సిలికోసిస్. దీన్ని నయం చేసే మందు లేదు.

ఏడాదికోసారి మమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవారు. ఏ పని ఎన్నేళ్లు చేశావని అడిగేవారు, గొట్టంలోకి గట్టిగా ఊదమనేవారు, ఛాతీ ఫొటో తీసేవారు. సంతకం పెట్టి వచ్చేసేవాళ్లం. రిపోర్టు ఆఫీసుకు పోయేది. అక్కడినుంచి గవర్నమెంటుకు పోతుంది, ఏమైనా ఉంటే వాళ్లే చెప్తారులే అనుకున్నాం. రెండేళ్లు అలాగే గడిచాయి.

2022లో మా నలుగురిలో పెద్దవాడు, మేం పెద్దన్న అని పిలిచేవాడు, చెరువు గట్టు మీద నడుస్తూ మధ్యమధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టాడు. పొడి దగ్గు. చలికి వచ్చిందన్నాడు. చలి పోయింది, దగ్గు పోలేదు. అప్పుడు క్లినిక్‌లో ఒక డాక్టరమ్మ, మీ పని ఏమిటని అడిగి, కంపెనీ రిపోర్టు తెచ్చుకోమంది.

ఆఫీసులో అడిగితే ఫైల్లో ఉంది, తర్వాత చూద్దాం అన్నారు. రెండోసారీ అదే మాట. మూడోసారి కాగితం మీద రాసిచ్చాడు. చేతికొచ్చిన రిపోర్టు 2020 నాటిది. ఊపిరితిత్తుల్లో మచ్చల అనుమానం ఉంది, స్కానింగ్ తీయించాలి, దుమ్ములో పని మాన్పించాలి అని అందులో స్పష్టంగా ఉంది. రెండేళ్లు ఆ కాగితం ఫైల్లో పడుకుంది. రెండేళ్లూ ఆయన ఆ దుమ్ములోనే ఉన్నాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. గవర్నమెంటు ఆఫీసుకు ఫోన్ చేస్తానని పెద్దన్న అంటే వద్దన్నది మేమే. "అన్నా, మన వీసాలు ఓనరు చేతిలో ఉన్నయి. కేసంటే నలుగురం రోడ్డున పడ్తం. మందులు వాడు, తగ్గుతది" అన్నాం. అప్పట్లో పని పోతే 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవాలి. ఆయన ఏమీ అనలేదు. ఆ రాత్రంతా పక్క గదిలోంచి ఆ దగ్గు వింటూనే ఉన్నాం. తెల్లారి మేమే ఫోన్ ఆయన చేతికిచ్చాం.

ఆ తర్వాత మాకు తెలిసిన రూలు ఇది. క్వీన్స్‌లాండ్‌లో సిలికా, సీసం, ఆస్‌బెస్టాస్ లాంటి వాటితో ఆరోగ్యానికి ముప్పున్న పనుల్లో యజమాని హెల్త్ మానిటరింగ్ చేయించాలి. ఖర్చంతా ఆయనదే, ఏ డాక్టరన్నది మనతో కూడా మాట్లాడాలి. రిపోర్టు రాగానే నకలు మనకివ్వాలి, మనం అడగక ముందే. రిపోర్టులన్నీ గవర్నమెంటుకు పోతాయని మేం అనుకున్నది తప్పు. పని వల్ల జబ్బు వచ్చి ఉండొచ్చని పరీక్షలో తేలినా, దిద్దుబాటు చేయాలని డాక్టరు రాసినా, ఆ రిపోర్టు నకలును యజమాని ఆలస్యం చేయకుండా వర్క్‌ప్లేస్ హెల్త్ అండ్ సేఫ్టీ శాఖకు పంపాలి. రిపోర్టును 30 ఏళ్లు, ఆస్‌బెస్టాస్‌దైతే 40 ఏళ్లు భద్రపరచాలి. మన రాతపూర్వక అనుమతి లేకుండా ఊరికే ఎవరికంటే వాళ్లకు చూపకూడదు. ఇవి కాక, 2019 జులై 1 నుంచి ఇలాంటి దుమ్ము జబ్బు తేల్చిన స్పెషలిస్టు డాక్టరు రాష్ట్ర ఆరోగ్య శాఖ రిజిస్టరుకు తెలపాలి.

ఫోన్ చేసినప్పుడు వాళ్లు వీసా గురించి అడగలేదు. ఇన్‌స్పెక్టరు షెడ్డుకు వచ్చాడు. స్కానింగ్‌లో పెద్దన్నకు సిలికోసిస్ అని తేలింది, ఇంకా మొదటి దశే అన్నారు. వర్క్‌కవర్ పరిహారం వచ్చింది. తాత్కాలిక వీసా మీద ఉన్న కార్మికుడికీ అది వర్తిస్తుందని మాకు అప్పుడే తెలిసింది. మేం ముగ్గురం కూడా స్కానింగ్ తీయించుకున్నాం. మాకేమీ లేదన్నారు. సంతోషించాలో, సిగ్గుపడాలో తెలియలేదు.

ఇది మా ఒక్క షెడ్డు కథ కాదు. 2018కి ముందు నుంచి ఈ పలకల పనిలో ఉన్నవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి దుమ్ము జబ్బు ఉందని ఆస్ట్రేలియా జాతీయ టాస్క్‌ఫోర్స్ 2021లో చెప్పింది. 2024 జులై 1 నుంచి ఈ పలకల తయారీ, అమ్మకం, బిగింపు ఇక్కడ నిషేధం. స్పాన్సర్‌ను వెతుక్కునే గడువునూ అదే రోజు నుంచి ఒక్కో విడతకు 180 రోజులు చేశారు. పలకలు పోయినా దుమ్ము పోలేదు. గ్రానైట్, కాంక్రీటు, ఇటుక, టైల్స్ కోసే చోటల్లా అది ఉంది. మీ క్యాంపుల్లో ఆ పనులు చేసేవాళ్లు ఎంతమందో మీకే తెలుసు.

అందుకే అడుగుతున్నాం. ఏ దేశంలో ఉన్నా, మెడికల్ అయ్యాక పాసా ఫెయిలా అని మాత్రమే అడగకండి. కాగితం చేతిలోకి అడగండి. ఇవ్వకపోతే రాసి అడగండి, రాసిన దానికీ ఒక ఫొటో తీసుకోండి. మీకు చదవరాకపోతే చదివే తమ్ముడితో చదివించుకోండి. ఏ తేదీన, ఏ షెడ్డులో, ఏ రాయి కోశారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. నకలొకటి ఊళ్లో ఇంటికి పంపండి. ఈ జబ్బు పని మానేసిన చాలా ఏళ్లకు కూడా బయటపడుతుంది. అప్పటికి కంపెనీ ఉండకపోవచ్చు, కాగితం ఉంటే మాట్లాడటానికి ఆధారం ఉంటుంది.

పెద్దన్న ఇప్పుడు దుమ్ములేని పనిలో ఉన్నాడు. చెరువు చుట్టూ మునుపటిలా ఒక్క దమ్ములో తిరగలేడు. మధ్యలో బెంచీ మీద కూర్చుంటాడు, మేమూ కూర్చుంటాం. మా నలుగురి రిపోర్టులు ఇప్పుడు పాస్‌పోర్టులున్న పెట్టెలోనే ఉన్నాయి.