కనుమ దాటాలంటే

యమగాతలోని నతాగిరి కనుమ ఎక్కుతున్నాను. 1689లో కవి బాషో, శిష్యుడు సోరాతో నడిచిన దారి. క్షేమం కాదని, ఆతిథ్యమిచ్చిన ఇంటాయన వంకర కత్తి కట్టుకున్న కుర్రాణ్ణి తోడు పంపాడట. నాకు తోడు, ఎలుగుబంట్ల కోసం సంచికి కట్టుకున్న చిన్న గంట. "ఒక్కరేనా?" అని రెండుసార్లు అడిగి, బస యజమానురాలే కట్టింది.

ఆ కాలంలో తనిఖీ ద్వారాలు దాటాలంటే ఆడవాళ్లకు ప్రత్యేక అనుమతి పత్రం కావాలి. హకోనేలో జుట్టు విప్పి మరీ చూసేవారు. అయినా తగామి కికుషా బయల్దేరింది. ఇరవై నాలుగేళ్లకే భర్త పోయాడు. తల గొరిగించుకుని, సన్యాసినిగా, బాషో దారిని వెనకనుంచి ముందుకు నడిచింది, కవిత్వం రాస్తూ. మన ఇళ్లలో వితంతువుని మూలగదిలో కూర్చోబెట్టిన గుండు, ఆమెకు దారి తెరిచిందే అని సంబరపడ్డాను.

కనుమ పైన, పెద్ద సుగీ చెట్టు దగ్గర పిల్లల్నిచ్చే జిజో గుడి ఉంది. బిడ్డ కోసం ఈ మలుపులన్నీ ఎక్కిన స్త్రీలు గుర్తొచ్చి సంబరం చల్లారింది. మొక్కో, గుండో, అనుమతి పత్రమో లేకుండా ఆడది ఊరికే నడిచిందెప్పుడు?

నా సంగతే చూడండి. ఇంట్లో సెమినారని చెప్పి వచ్చాను. అది నిన్ననే అయిపోయింది.