మిక్సీ ఆగితే పచ్చడి ఆగుతుంది...

డాలస్ శివార్లలో మాకో చిన్న గ్యాస్ స్టేషన్ ఉంది. గ్యాసంటే వంటగ్యాసు కాదు, పెట్రోలు బంకే. దాన్నానుకునే పాలు, బ్రెడ్డు, సిగరెట్లు అమ్మే కొట్టు. 2019లో ఓ రాత్రి ముసుగేసుకున్న కుర్రాడొకడు వచ్చి గల్లాపెట్టె ఊడ్చుకుపోయాడు. నాకేం కాలేదు. కానీ తర్వాత నెలరోజులపాటు తలుపు గంట మోగితే చాలు, గుండె ఝల్లుమనేది. మా ఆవిడ వద్దంటున్నా వినకుండా ఓ నైన్ ఎంఎం పిస్టల్ కొన్నాను.

ఊళ్లో మా పెదనాన్నకి లైసెన్సు రివాల్వరుండేది. ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలీస్‌స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవడం తప్ప ఆయన దాన్ని వాడగా చూడలేదు. నాకున్న తుపాకీ పరిజ్ఞానం అంతే!

కొత్త పిస్టల్ని నమ్మేముందు రెండొందల తూటాలైనా కాల్చి చూడాలన్నాడు రేంజిలో శిక్షకుడు. నాలుగో మ్యాగజీన్‌లోనే ఇరుక్కుంది. ఖాళీ ఇత్తడి తొడుగు బయటికి ఎగిరిపడకుండా స్లైడు మధ్య పొగగొట్టంలా నిలబడిపోయింది. దీన్ని స్టవ్‌పైప్ అంటారట. ‘మణికట్టు సడలించావు’ అన్నాడాయన. పేలినప్పుడు వెనక్కి తన్నే ఊపుతోనే స్లైడు వెనక్కెళ్లి ఖాళీ తొడుగుని విసిరేయాలి. ముందుకొస్తూ కొత్త తూటాని ఎక్కించాలి. పట్టు గట్టిగా లేకపోతే ఆ ఊపు కాస్తా చేతిలోకే పోతుంది. సిగ్గుపడ్డాను. తర్వాత ఆయనే తీసుకుని, తూటాల రకం కూడా మార్చి యాభై కాల్చాడు. రెండుసార్లు ఇరుక్కుంది. తప్పు నాది కాదు!

సంతోషించాల్సిందేమో గానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. మిక్సీ ఆగితే పచ్చడి ఆగుతుంది. ఇది ఆగితే?

ఇంకో విచిత్రం తెలిసింది. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ కమిషన్ టోస్టర్లనీ పిల్లల బొమ్మల్నీ వెనక్కి రప్పించగలదు. తుపాకుల్ని మాత్రం 1972 చట్టమే దాని పరిధిలోంచి తప్పించింది. లోపం ఉందని కంపెనీ తనంతట తాను ఒప్పుకోవాల్సిందే.

భయపడుతూనే ఫోన్ చేశాను. ఫోనెత్తినావిడ బిల్లు అడగలేదు. ‘పిస్టల్ ఖాళీగా ఉందా? మళ్లీ చూడండి, నేను లైన్లో ఉంటాను’ అంది. చూశాక ఇంకోసారి చూడమంది! మ్యాగజీన్లు కూడా పంపమంది. కొరియర్ ఖర్చు వాళ్లదే. మరమ్మతుకైతే యజమాని నేరుగా కంపెనీకి పంపొచ్చు, వాళ్లూ నేరుగా ఇంటికే తిప్పి పంపొచ్చు... చట్టంలో ఆ వెసులుబాటుంది.

పద్దెనిమిదో రోజున సంతకం పెట్టి తీసుకున్నాను. ఖాళీ తొడుగుని పట్టిలాగే ఎక్స్‌ట్రాక్టరూ, దాని స్ప్రింగూ మార్చినట్టు చీటీ ఉంది. వాళ్లు కాల్చి చూసిన చిల్లుల కాగితం కూడా జతచేశారు. రేంజిలో మూడొందలు కాల్చాను. ఒక్కటీ ఇరుక్కోలేదు.

మా ఆవిడకి ఆ కాగితం చూపించాను. తిప్పి చూసి, ‘ఇది వాళ్ల చేయి కదా. ఆ రాత్రి మీ చేయి ఎలా వణికిందో మీరే చెప్పారు’ అంది.

తర్వాతి నెల కౌంటరుకి తూటాలు దూరని అద్దం బిగించాం. పిస్టల్ ఇంట్లో లాకర్లో ఉంది. తాళంచెవి ఆవిడ దగ్గర.