మాయ తీసిన చేతులు

బీజాపూర్ రోడ్డు మీద మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే రెండు పక్కలా ముసలి మర్రిచెట్లు, వాటి వెనక కూరగాయల మళ్లు, ఫామ్‌హౌసులు, అక్కడక్కడా కోళ్ల షెడ్లు. వలసపక్షులు వచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కూడా దగ్గరే. పశువుల నుంచి, పక్షుల నుంచి మనిషికొచ్చే రోగాల గురించి తెలుసుకోవాలంటే ఇలాంటి చోటే తిరగాలనిపించింది.

కోళ్ల షెడ్డు యజమాని నన్ను గేటు దగ్గరే ఆపేశాడు. మందునీళ్ల తొట్టిలో కాళ్లు ముంచకుండా పనివాళ్లకు కూడా ప్రవేశం లేదట. ఆపడమే మంచిది. 2015 ఏప్రిల్‌లో ఇదే రంగారెడ్డి జిల్లా తొర్రూరులో బర్డ్ ఫ్లూ బయటపడి లక్షకు పైగా కోళ్లను చంపాల్సి వచ్చింది. 2025 మార్చిలో నరసరావుపేట పాప, రెండేళ్ల పసిది, ఆ వైరస్ సోకి మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం ఒక బర్రెల కొట్టం. అక్కడ పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా వేస్తున్నారు. ఈ క్రిమి సోకితే పశువులు ఈసుకపోతాయి, అంటే నెలలు నిండకుండానే కడుపు పోతుంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఒక్కసారి వేస్తే చాలు. వేసే మనిషి గ్లవ్స్ తొడుక్కున్నాడు, కళ్లద్దాలు పెట్టుకున్నాడు. టీకాలో ఉన్నది బలం తగ్గించిన బతికున్న క్రిమే. సూది జారి గుచ్చుకుంటే, కంట్లో చుక్క చిందితే అతనికే రోగం రావచ్చు.

ఆ ఇంటామె దూడ మెడ పట్టుకుని చెప్పింది: "పోయినేడు పెద్ద బర్రె ఏడో నెలల ఈసుకపోయింది సార్. మాయ పడలే. నేనే చెయ్యి పెట్టి తీసిన."

"గ్లవ్స్ వేసుకున్నావా అమ్మా?"

"మాకేడివి సార్!"

టీకా వేసేవాడికే అన్ని జాగ్రత్తలు కావాలంటే, బలం తగ్గని క్రిమి కుప్పలుగా ఉండగల మాయను వట్టి చేతులతో తీసిన ఈమె సంగతేమిటి? ఈ రోగం మనిషికి సోకితే జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. రాత్రిళ్లు చెమటలు, నడుము నొప్పి, కీళ్ల నొప్పులు. టైఫాయిడ్ అనుకుని మందులు వాడుతూ నెలలు గడిపేవాళ్లున్నారు. అనుమానించి రక్తపరీక్ష చేస్తే తెలుస్తుంది, ఆరు వారాలు మందులు వాడితే నయమవుతుంది. కానీ అనుమానం రావాలి కదా! బర్రె ఈసుకపోయిన సంగతి పశువుల డాక్టరుకు తెలుస్తుంది, ఇంట్లో జ్వరం సంగతి మనుషుల డాక్టరుకు తెలుస్తుంది. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఏర్పాటు ప్రతి మండలంలోనూ ఉండి తీరాలి.

అంతవరకూ పాలు కాచి తాగండి. ఈసుకపోయిన పశువు మాయను వట్టి చేతులతో ముట్టకండి. జ్వరం వదలకపోతే, డాక్టరు అడగకపోయినా సరే, ఇంట్లో పశువులున్నాయని చెప్పండి.