నోరిస్ ఆనకట్ట మీద ఒక మధ్యాహ్నం

అమెరికా వెళ్ళివచ్చిన మన సంస్థ మిత్రులు పలువురు నయాగరా జలపాతాన్ని గురించీ, న్యూయార్క్ ఆకాశహర్మ్యాలను గురించీ ఈ పత్రికలో ఇదివరకే ముచ్చటగా వ్రాసి ఉన్నారు. అవన్నీ మేమూ చూశాము. వాటిని మళ్ళీ వర్ణించి పాఠకులను విసిగించబోము. అట్లాంటాలో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, మా కోరిక మీద ఒక రోజంతా వెచ్చించి చూసివచ్చిన ఒక ఆనకట్టను గురించి మాత్రమే ఇక్కడ ప్రస్తావిస్తాము.

"అక్కడ చూడటానికేముంటుంది, మామయ్యగారూ?" అన్నాడు మా అల్లుడు. అతడి ప్రశ్న న్యాయమైనదే. టెనెసీ రాష్ట్రంలో, నాక్స్‌విల్ నగరానికి ఉత్తరంగా ఇరవై మైళ్ళ దూరంలో, క్లించ్ అనే ఉపనది మీద ఉన్న నోరిస్ ఆనకట్ట ఎత్తు 265 అడుగులు, పొడవు 1,860 అడుగులు. మన నాగార్జునసాగర్‌ను చూసిన కళ్ళకు అది పెద్దదేమీ కాదు. అయినా ఇంజనీరింగు చదివే రోజులలో టెనెసీ లోయ పాఠం చదివినప్పటినుంచీ అది మా మనస్సులో ఉండిపోయింది. ప్రభుత్వరంగంలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేసిన వారికి అదొక పుట్టింటివంటి చోటు.

కథ నోరిస్‌తో కాక, ఆలబామాలోని మజిల్ షోల్స్‌తో మొదలవుతుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పేలుడు పదార్థాలకు కావలసిన నైట్రేట్ల తయారీ కోసం, 1916 నాటి చట్టం ఆధారంగా అమెరికా ప్రభుత్వం అక్కడ కర్మాగారాలనూ, విల్సన్ ఆనకట్టనూ తలపెట్టింది. 1918లో మొదలైన ఆనకట్ట 1924లో పూర్తయింది. యుద్ధం మాత్రం అంతకు చాలా ముందే ముగిసింది. ప్రజాధనంతో కట్టిన ఆ ఆస్తిని ఏం చేయాలి? మోటారు కార్ల అధిపతి హెన్రీ ఫోర్డ్ 1921లో బేరానికి వచ్చాడు. కర్మాగారాలకు ఆయన ఇస్తానన్న ధర యాభై లక్షల డాలర్లు. ప్రభుత్వం పెట్టిన ఖర్చుతో పోలిస్తే అది తవుడుకు కొనడమే.

ఆ బేరానికి అడ్డునిలిచినవాడు నెబ్రాస్కా సెనేటర్ జార్జ్ నోరిస్. నెబ్రాస్కాకూ టెనెసీ నదికీ ఏ సంబంధమూ లేదు. ఆ లోయలో ఆయనకు ఒక్క ఓటూ లేదు. పైగా ఆయన రిపబ్లికన్. తన పార్టీవారే అధ్యక్షులుగా ఉన్నారు. నది ప్రజలది, దాని విద్యుత్తూ ప్రజలదే కావాలన్న పట్టుతో ఆయన బిల్లులు తెస్తూనే పోయాడు. 1928లో కూలిడ్జ్ సంతకం పెట్టలేదు. 1931లో హూవర్ తిరస్కరించాడు. మన కార్యాలయాలలో ఒక ప్రతిపాదన రెండుసార్లు వెనక్కి వస్తే మూడోసారి ఆ ఫైలు జోలికి ఎవరూ వెళ్ళరు. నోరిస్ వెళ్ళాడు.

అప్పటికి దేశం మహామాంద్యంలో మునిగి ఉంది. పనిచేయగలవారిలో సుమారు నాలుగో వంతుమందికి పనిలేదు. టెనెసీ లోయ మరీ నిరుపేద ప్రాంతం. వరదలు, కోసుకుపోయిన ఎర్రమట్టి నేలలు, మలేరియా. దేశం మొత్తం మీద పదింటిలో ఒక పల్లె కమతానికి మాత్రమే కరెంటు ఉన్న కాలమది. 1933 మార్చి 4న పదవిలోకి వచ్చిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మే 18న టెనెసీ లోయ సంస్థ చట్టంపై సంతకం చేశాడు. అధికారం ప్రభుత్వానిది, పనిలో చురుకుదనం ప్రైవేటు వ్యాపారానిది అయిన సంస్థ కావాలన్నది ఆయన కోరిక. ఈ రెంటినీ ఒక ఒరలో ఇమడ్చడం ఎంత కష్టమో మనవారికి వేరే చెప్పనక్కరలేదు.

చట్టం వచ్చిన అయిదు నెలలలోపే, అక్టోబరులో ఈ ఆనకట్ట పనులు మొదలయ్యాయి. ఎక్కువమందికి పని దొరకాలని రోజుకు అయిదున్నర గంటల చొప్పున నాలుగు షిఫ్టులు నడిపారట. 1936 మార్చిలో తలుపులు మూశారు. అదే వేసవిలో విద్యుత్తు వచ్చింది.

కట్టడం మీద నిలబడి చాలాసేపు చూశాము. ఆర్భాటం లేని కాంక్రీటు ముఖం, పవర్‌హౌస్ గోడల సరళరేఖలు. హంగేరీలో పుట్టిన రోలండ్ వాంక్ అనే వాస్తుశిల్పి దీన్ని తీర్చాడు. ఆనకట్ట పైనుంచే రహదారి సాగుతుంది. ఇంజనీరు దృష్టికి అసలైన విశేషం పైకి కనబడేది కాదు. వరదల నివారణకు జలాశయం ఖాళీగా ఉండాలి. విద్యుత్తుకు నిండుగా ఉండాలి. ఈ రెండు విరుద్ధ అవసరాలకు ఒకే నీటిని సర్దుతూ, వేసవి చివరినుంచి మట్టం తగ్గించి, శీతకాలపు వరదకు చోటు ఉంచి, వసంతంలో తిరిగి నింపుతారు. అదీ ఒక్క ఆనకట్టకు కాదు, ఏడు రాష్ట్రాలలో విస్తరించిన ఒక పరీవాహక ప్రాంతానికంతటికీ ఒకే చేతితో.

ప్రైవేటు విద్యుత్ కంపెనీలు ఊరుకోలేదు. వాటి తరఫున గట్టిగా వాదించిన వెండెల్ విల్కీ 1940 ఎన్నికలలో రూజ్‌వెల్ట్‌పైనే పోటీ చేశాడు. 1936లో సుప్రీంకోర్టు విల్సన్ ఆనకట్ట విద్యుత్తును అమ్మే హక్కు ప్రభుత్వానికి ఉన్నదని తీర్పు చెప్పింది. తరువాతి తగవులు చాలానే ఉన్నాయి గాని వాటిని విడిచిపెడదాము.

ఇంతసేపూ మౌనంగా నీటివైపు చూస్తున్న మా శ్రీమతి అప్పుడు అడిగింది: "ఏమండీ, దీని కింద ఎన్ని ఊళ్ళున్నాయి?"

ఆ ప్రశ్న ఆమే అడగాలి. కృష్ణ ఒడ్డున ఆమె పుట్టిన ఊరు 1981లో ఒక జలాశయంలో కలిసిపోయింది. అప్పటికి ఆమెకు పదేళ్ళు. ఎడ్లబండి మీద సామానుతో పాటు కూర్చుని, ఇంటి ద్వారబంధాలను నాన్న ఊడదీయడం చూసిన జ్ఞాపకం ఆమెది. మేమేమో ఆ తరువాత ఆనకట్టల లెక్కలు నేర్చుకుని, వాటి మీదే జీతం తీసుకున్నవారము. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఈ విషయమై మా ఇద్దరి మధ్య ఒక మాట మిగిలే ఉంటుంది.

తెలిసినంత చెప్పాము. ఈ జలాశయం కోసం సుమారు 2,900 కుటుంబాలు కదలవలసి వచ్చింది. లాయిస్టన్ అనే ఊరు పూర్తిగా మునిగింది. దాని మీద పరుచుకున్న విశాలమైన నీటిభాగాన్ని ఇప్పటికీ లాయిస్టన్ సముద్రమనే పిలుస్తారు. భూములకు సంస్థ ఒకే ధర చెప్పింది, బేరసారాలు లేవు. భూమి ఉన్నవారికి సొమ్ము అందింది. కౌలు రైతులకు పరిహారం లేదు. ఆ కుటుంబాలలో కొన్నింటిని ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు లూయిస్ హైన్ 1933లో ఫొటోలు తీశాడు. ముందురోజు రాత్రి అమ్మాయి కంప్యూటర్‌లో వాటిని చూశాము.

"కౌలువాళ్ళకు మా ఊళ్ళోనూ ఏమీ రాలేదు" అన్నది ఆమె.

పనివారి కోసం దగ్గరలోనే నోరిస్ అనే ఆదర్శ పట్టణం కట్టారు. చెట్ల నడుమ చక్కని ఇళ్ళు, వంపులు తిరిగే వీధులు. కారులో ఒక చుట్టు తిరిగాము. అక్కడ నల్లజాతివారికి మాత్రం ఇళ్ళు ఇవ్వలేదు. ఆ ఆదర్శానికి అంతమేరకే చూపు ఆనింది.

తిరుగు ప్రయాణంలో అల్లుడు అడిగిన మీదట మన దేశపు సంగతి చెప్పాము. 1943 దామోదర్ వరదల తరువాత టెనెసీ సంస్థ ఇంజనీరు వూర్డుయిన్ మన దేశానికి వచ్చి ప్రణాళిక తయారుచేశాడు. దాని నుంచే 1948లో దామోదర్ లోయ కార్పొరేషన్ పుట్టింది. ఆయన చెప్పిన ఆనకట్టలన్నీ మనం కట్టలేదు. టెనెసీ సంస్థ మొదటి అధ్యక్షుడు ఆర్థర్ మోర్గాన్‌ను రూజ్‌వెల్టే 1938లో తొలగించాడు. దశాబ్దం తరువాత అదే మోర్గాన్ డాక్టర్ రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌లో సభ్యుడిగా మన దేశానికి వచ్చాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడిగా పనిచేసిన మన పెద్దమనిషి పక్కన నోరిస్ ఆనకట్ట కట్టించిన ఇంజనీరు కూర్చున్నాడన్న మాట మాకు ఎంతో సంతోషాన్నిచ్చింది.

మా శ్రీమతి మనస్సు మాత్రం ఇంకా నీటి దగ్గరే ఉంది. "సమాధులు కూడా మునిగాయా?" అని అడిగింది. లేదనీ, నింపే ముందు సుమారు అయిదువేల సమాధులను తవ్వి వేరే చోట్లకు చేర్చారనీ చెప్పాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళ తాతగారి సమాధి ఊరి చింతతోపులో ఉండేది. నీరు బాగా తగ్గిన ఎండాకాలాలలో పాత గుడి మెట్లు బయటపడతాయని ఆ ఊరివారు చెబుతూ ఉంటారు. ఇన్నేళ్ళలో మేము ఒక్కసారీ వెళ్ళి చూడలేదు. ఉద్యోగం, బదిలీలు, పిల్లల చదువులు అని ఎప్పటికప్పుడు ఏదో ఒకటి చెబుతూ వచ్చాము.

అట్లాంటా చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. భోజనాల దగ్గర ఆమె పెద్దన్నయ్యకు ఫోన్ చేసి, వచ్చే మే నెలలో నీరు ఎక్కడిదాకా దిగుతుందో కనుక్కొమ్మని చెప్పింది.