మా నాన్న తుపాకీ, గజం మీద గీత



మొన్న కర్రపెండలం చేలో పందులు పడి తవ్వేసిన సంగతి రాస్తే, నలుగురైదుగురు ఒకటే మాట అడిగారు. "మీ ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉందంట కదా, కొట్టి పారేయొచ్చుగా?" అని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా ఇక్కడే రాసేస్తే పోద్ది అనుకున్నాను. కొంచెం పెద్దదే అవుద్ది. చేలో నీళ్ళు పెట్టుకుని గట్టు మీద కూర్చున్నప్పుడు చదవండి.

ముందు ఆ ప్రశ్నకి జవాబు. కొట్టకూడదండి. అడవిపంది 1972 వన్యప్రాణి చట్టం కింద ఉన్న జంతువు. చేలో పడింది కదా అని మన ఇష్టానికి చంపితే కేసు మన మీదే. మా నాన్న దగ్గర నుంచి నా దాకా ఆ తుపాకీ పని చప్పుడు చెయ్యడమే. గుళ్ళు లేకుండా ఉత్త మందు పెట్టి పేలిస్తే పందులు గట్టు దాటి పోతాయి. నాలుగు రోజులకి మళ్ళీ వస్తాయనుకోండి, అది వేరే సంగతి.

మాకు కాలవ కింద ఎకరం, కోరుకొండ అవతల మెట్టలో రెండెకరాలు. ఆ మెట్ట చేను కోసమే మా నాన్న తుపాకీ తీసుకున్నాడు. లైసెన్సు పుస్తకంలో "ఎస్.బి.ఎం.ఎల్." అని రాసి ఉంటుంది. అంటే ఒంటి గొట్టం, మూతి వైపు నుంచి మందు కూరే తుపాకీ అని. 1959 ఆయుధాల చట్టంలోనే ఉందండి, నిజంగా పంట కాపలా కోసం అడిగే రైతుకి ఇలాంటి తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చని. పేపర్లో "నాటు తుపాకీ పట్టివేత" అని చదువుతాం చూడండి, అది లైసెన్సు లేకుండా దొంగచాటుగా చేసేది. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి, కానీ ఒకటి ఇంట్లో ఉంటుంది, రెండోది జైలుకి పంపుద్ది. ఛత్తీస్‌గఢ్ వైపు ఈ రకాన్ని భర్మార్ అంటారు.

దీని పని తీరు ఇప్పటి కుర్రాళ్ళకి తెలీదు కాబట్టి చెప్తాను. తూటా ఉండదు. గొట్టం మూతిలోంచి నల్ల మందు పోస్తారు. దాని మీద కొబ్బరి పీచో గుడ్డపీలికో పెట్టి గజంతో దిగగొడతారు. గజం అంటే గొట్టం కింద దూర్చి ఉండే పొడుగాటి కడ్డీ. గుళ్ళు వెయ్యాలంటే వేసి, మళ్ళీ పీచు పెట్టి అదుముతారు. వెనకాల చిన్న మొలక లాంటిది ఉంటుంది, దాని మీద రాగి కేపు తొడుగుతారు. సుత్తి దాని మీద పడితే నిప్పు లోపలికి పోయి మందు అంటుకుంటుంది. పిట్టలదొర చంకలో చెక్క తుపాకీ పెట్టుకుని ఒక్క గుండుకి ఏడు పులుల్ని కొట్టానని కోతలు కోసేవాడు గుర్తుందా? నిజం తుపాకీ పట్టుకున్నవాడికి ఒక్కసారి పేల్చి మళ్ళీ నింపుకునేలోపు పంది పక్క ఊరు వెళ్ళిపోద్ది.

నాకు చిన్నప్పటి నుంచీ దీని మీద పిచ్చి. పేల్చడం కంటే విప్పి తుడవడం మీద. నల్ల మందు కాలాక గొట్టంలో మసి మిగులుద్ది. అది గాల్లో చెమ్మ లాగేసుకుంటుంది. మన గోదావరి గాలి సంగతి తెలిసిందే కదా, రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రటి తుప్పు. అందుకని పేల్చిన రోజే మరిగే నీళ్ళు పోసి కడిగి, గుడ్డ చుట్టిన కడ్డీతో ఆరేదాకా తుడిచి, నూనె పట్టించాలి. నాన్న చేస్తుంటే నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఇంటర్ పరీక్షలప్పుడు కూడా చదువు మానేసి చెక్క మడమకి నూనె రాస్తూ కూర్చున్నానని మా అమ్మ ఇప్పటికీ తిడుతుంది.

ఈ తుపాకీ వల్లే చరిత్ర కూడా కాస్త చదివానండి. మన పిఠాపురం, గొల్లప్రోలు దగ్గర చెందుర్తి ఉంది కదా, 1758 డిసెంబరు 7న అక్కడే ఇంగ్లీషు వాళ్ళు, ఫ్రెంచి వాళ్ళు కొట్టుకున్నారు. ఇటు ఫోర్డ్, అటు కాన్‌ఫ్లాన్స్. విజయనగరం రాజు ఆనంద గజపతి ఇంగ్లీషు వాళ్ళ వైపు. రెండు వైపులా ఇలా మూతిలోంచి కూరే తుపాకులే. కాకపోతే వాటికి కేపు లేదు, చెకుముకి రాయి నిప్పు. మనం ఊడ్పులు ఊడ్చే నేలలోనే కోస్తా జిల్లాలు ఎవరివో తేలిపోయాయి. తర్వాత వచ్చిన ఎన్‌ఫీల్డ్ తుపాకీ కూడా మూతి నుంచి కూరేదే. కానీ దాని గొట్టంలో మెలికల గాడులు ఉంటాయి. ఆ గాడులు గుండుని బొంగరంలా తిప్పుతాయి కాబట్టి దూరం పోయినా గురి తప్పదు. మా దానికి గాడుల్లేవు, నున్నటి గొట్టం. 1857లో సిపాయిలు తిరగబడింది ఆ ఎన్‌ఫీల్డ్ తూటాల కొవ్వు గొడవతోనే. తర్వాత 1878లో దొరలు ఆయుధాల చట్టం తెచ్చి మనవాళ్ళకి లైసెన్సు లేకుండా తుపాకీ ఉండకూడదన్నారు. మా ఇంట్లో ఉన్న పుస్తకానికి మూలం అదన్నమాట.

ఇప్పటికీ సరదాగా వీటితో గురి పందేలు పెట్టేవాళ్ళు ఉన్నారు. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో ఫ్రెండ్‌షిప్ అనే చిన్న పల్లెటూళ్ళో, 1933లో పెట్టిన సంఘం వాళ్ళు ఏటా వందలమంది చేరతారు. మా మేనల్లుడు వీడియో పంపితే మూడుసార్లు చూశాను. మన పక్కన కొడగులో సెప్టెంబరులో తుపాకులకి పూజ చేసి, చెట్టుకి కట్టిన కొబ్బరికాయని గురి చూసి కొడతారు. మా ఇంట్లో అయితే దసరాకి నాగలి, కొడవలి, స్ప్రేయరు పక్కన దానికీ ఒక బొట్టు పెడతాం. అంతే.

ఇక అసలు సంగతి.

నాన్న 2016లో పోయాడు. తుపాకీ ఉన్నవాడు పోతే దాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు, అప్పగించాలి. పెద్దకర్మ అయ్యాక నేనే గోనె పట్టాలో చుట్టి తీసుకెళ్ళి ఇచ్చి రసీదు రాయించుకున్నాను. వారసుడిగా నా పేరు మీద లైసెన్సుకి కాగితాలు పెట్టాను. విచారణలు, సంతకాలు, తిరగడాలు అయ్యి 2018లో తుపాకీ నా చేతికొచ్చింది. ఎక్కడో చెమ్మ గదిలో పెట్టారు, పైన తుప్పు పట్టేసింది. అది చూసి ప్రాణం ఉసూరుమంది. ఆదివారం తీరిగ్గా తుడుచుకుందామని మంచం కింద పెట్టాను.

మావాడు అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఆదివారం పొద్దున్న నేను పాలు పోసి వచ్చేసరికి అరుగు మీద తుపాకీ నిలబెట్టి, మూతి గెడ్డం కింద ఆనించుకుని, ఇంకో కుర్రాడి చేత ఫోటో తీయించుకుంటున్నాడు. జేబులోంచి దీపావళి కేపు ఒకటి తీశాడు. పిల్లల బొమ్మ తుపాకీలో పెట్టేది. "నాన్నా, ఇది పెట్టి టప్‌మనిపిస్తే వీడియో బాగుంటుంది, ఖాళీదే కదా" అన్నాడు.

నేనూ ఖాళీదే అనుకున్నాను. నిజం చెప్తున్నానండి, నేనే అలా అనుకున్నాను. రెండేళ్ళు ప్రభుత్వం దగ్గర ఉండి వచ్చింది, అంతకు ముందు నాన్న దగ్గర ఉంది. నాన్నంత జాగ్రత్త మనిషిని నేను చూడలేదు. కానీ ఆయన చిన్నప్పుడు నా చేత చేయించిన అలవాటు ఒకటుంది. "ఒరేయ్ అబ్బాయ్, తుపాకీ చేతికొస్తే ముందు గజం వెయ్యి. మనిషి మాట నమ్మకు, గజం మాట నమ్ము" అనేవాడు. గజం మీద ఆకురాయితో గీసిన గీత ఒకటుంది. ఖాళీ గొట్టంలో గజం వేస్తే ఆ గీత సరిగ్గా మూతి అంచుకి వస్తుంది. లోపల ఏమన్నా ఉంటే గీత పైనే ఆగిపోద్ది.

తుపాకీ వాడి చేతిలోంచి లాక్కుని, మూతి గోడ వైపు తిప్పి గజం వదిలాను. గీత మూతికి రాలేదు. నాలుగు వేళ్ళ పైన ఆగిపోయింది.

తుప్పు అనుకుని తీసి మళ్ళీ వేశాను. మళ్ళీ అక్కడే. అడుగున మెత్తగా తగిలింది. ఇనుము తగిలితే టంగుమనాలి, అనలేదు. ఒళ్ళంతా చెమట పట్టేసింది. వాడిని కొట్టలేదు, తిట్టలేదు. అరుగు మీద కూలబడిపోయాను. మా అమ్మ లోపల్నించి వచ్చి ఏంట్రా అని అడిగింది. చెప్తే కాసేపు ఊరుకుని అప్పుడు అంది, "పక్షవాతం వచ్చిన ముందు రోజు రాత్రి మెట్టకెళ్ళాడు కదరా. పొద్దున్న వచ్చి, పందులు రాలేదే, పేల్చలేదు అన్నాడు" అని.

ఆ రాత్రి పందులు వస్తాయని నింపాడు. అవి రాలేదు. కేపు తీసేసి ఇంటికొచ్చాడు. మందు మర్నాడు తీద్దామనుకున్నాడేమో. ఆ మర్నాడు ఆయనకి రాలేదు. చెయ్యి పడిపోయి, మాట పడిపోయి, ఇరవై రోజులు మంచంలో ఉండి పోయాడు. ఆ ఇరవై రోజులూ కళ్ళు మంచం కింద వైపు తిప్పి ఏదో చెప్పబోయేవాడు. మేము నీళ్ళు అడుగుతున్నాడనుకుని నీళ్ళు పట్టేవాళ్ళం.

ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుందండి.

మర్నాడు లైసెన్సు పుస్తకంతో సహా రాజమండ్రిలో లైసెన్సు ఉన్న షాపుకి తీసుకెళ్ళాను. ఇంట్లో కెలకలేదు. అక్కడి ముసలి మేస్త్రి గారు మెలిక తిరిగిన కొన ఉన్న కడ్డీ దింపి, తిప్పి తిప్పి పైకి లాగారు. ముందు కొబ్బరి పీచు వచ్చింది. దాని వెనక పన్నెండు గుళ్ళు. మళ్ళీ పీచు. ఆఖరున గడ్డకట్టిన నల్ల మందు. ఉత్త మందే పెట్టే మనిషి ఆ రాత్రి గుళ్ళు ఎందుకు వేశాడో నాకు తెలీదు. ఆ ఏడాది చేను సగం పోయింది, కడుపు మండి ఉంటుంది. మేస్త్రి గారు మందుని వేళ్ళతో నలిపి చూసి, "చెమ్మ తగల్లేదు బాబూ, ఇంకా పేలుద్ది" అన్నారు. మావాడు పక్కనే నిలబడి విన్నాడు. కావాలనే తీసుకెళ్ళాను.

తర్వాత ఒకచోట చదివాను. 1863లో అమెరికాలో గెట్టిస్‌బర్గ్ యుద్ధం అయ్యాక నేల మీద పడి ఉన్న తుపాకులు 27 వేలకి పైగా ఏరారట. వాటిలో 24 వేల దాకా మందు నిండి ఉన్నవే. వాటిలో సగానికి రెండేసి మోతాదులు కూరి ఉన్నాయని లెక్కగట్టారు. కవాతు నేర్చిన సిపాయిలే అలా మర్చిపోయారంటే, పందుల కోసం రాత్రంతా మేలుకున్న డెబ్భై ఏళ్ళ రైతు మర్చిపోవడం వింతేం కాదు. నాకా రోజు వరకూ నాన్న తప్పు చెయ్యడనే నమ్మకం. జాగ్రత్త మనిషైనా ఒక్క రాత్రి అలిసిపోతాడు. అందుకే ఆ గీత గీశాడు. తనని తానే నమ్మలేదు కాబట్టి గీశాడు.

ఆ తర్వాత 2019, 2024 ఎన్నికలకి రెండుసార్లు అప్పగించి తెచ్చుకున్నాను. ఇచ్చేముందు గజం వేసి చూపిస్తాను, తెచ్చుకున్నాక గజం వేసి చూస్తాను. వాళ్ళు నవ్వినా సరే. మందు, కేపులు ఇప్పుడు దొరకడం కష్టమైపోయింది. ఏడాదికి రెండు మూడుసార్లు చప్పుడుకి పేలుస్తానేమో, మిగతా అంతా తుడవడమే.

ఇక దీన్ని ఏం చెయ్యాలన్నది ఇంట్లో గొడవ. మా ఆవిడ సరెండర్ చేసెయ్యమంటుంది. ఆమె మాటా తీసెయ్యలేను. మావాడు ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం, పండక్కి వస్తాడు. మొన్న సంక్రాంతికి అడక్కుండానే తుపాకీ తీసి, మూతి గోడ వైపు తిప్పి, గజం వేసి, గీత నాకు చూపించి అప్పుడు తుడవడం మొదలెట్టాడు. నేనేం మాట్లాడలేదు. అప్పటి నుంచి సరెండర్ కాగితం రాయబుద్ధి కావట్లేదు.

చివరగా మూడు మాటలు. పందుల కోసం కరెంటు తీగలు మాత్రం కట్టకండి, వాటికి పందులకంటే మనుషులే ఎక్కువ దొరుకుతున్నారు. ఎవరింట్లో అన్నా పెద్దవాళ్ళ తుపాకీ మూల పడి ఉంటే, ఖాళీదే అనుకోకండి. పేల్చి చూడకండి, కెలక్కండి, లైసెన్సు ఉన్న షాపుకి తీసుకెళ్ళి చూపించండి. మంచాన పడ్డ పెద్దాయన కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూడండి. నీళ్ళే కాకపోవచ్చు.

ఆ పన్నెండు గుళ్ళు చిన్న సీసాలో వేసి లైసెన్సు పుస్తకంతో పాటు బీరువాలో పెట్టాను.

ఉంటానండి. మెట్టకి వెళ్ళాలి, పెండలం పీకుడు మొదలైంది.